పాకిస్తానీ హోటల్లో బిర్యానీ కాకుండా ఏం తినాలి?

గొడ్డుకారం_గుంటూరు
షార్జా వచ్చి నాలుగు నెలలైంది. మా బిల్డింగ్ కింద, ఎదురుగా, పక్క సందులో అన్నీ పాకిస్తానీ హోటళ్ళే. మొదటి వారంలోనే ధైర్యం చేసి కరాచీ బిర్యానీ చెప్పాను. ముక్క కోసం అన్నం కదిపితే బంగాళాదుంప వచ్చింది! ఇంకో రెండు ముద్దలు తినేసరికి పంటికింద పుల్లగా, నల్లగా ఏదో పండు తగిలింది, గింజతో సహా. పక్క టేబుల్ వాళ్ళ ప్లేటు నాకు తెచ్చారేమో అనుకున్నా. ఇంకోసారి వేరే హోటల్లో మటన్ అడిగితే ఉప్పు తప్ప ఏమీ పడని ముక్కలు పెట్టారు. కారం లేదు, మసాలా లేదు, పులుసు లేదు.

అయినా వదలబుద్ధి కావడం లేదు. సాయంత్రం ఆ తందూరు దగ్గర నాన్ వాసన వస్తుంటే కాళ్ళు ఆగిపోతున్నాయి. తిన్నవాళ్ళు చెప్పండి, వాళ్ళ వంటల్లో మన నాలుకకి పట్టేవి ఏవి? పేరేంటి, ఎలా అడగాలి, దేనితో తినాలి, అన్నీ చెప్తే పుణ్యం ఉంటుంది. బీఫ్ తినను. మిగతావి ఏవైనా సరే.

పాతబస్తీ_పాషా
అది పొరపాటున పడింది కాదు భయ్యా. సింధీ బిర్యానీ అంటేనే ఆలూ, ఎండు ఆల్బుకారా (నీ పంటికింద తగిలిన ఆ పుల్లటి పండు), టమాటా, పెరుగు, పచ్చిమిర్చి. కరాచీలో ఎక్కువగా దొరికేది ఆ తరహాదే. పచ్చి మాంసంతోనే దమ్ పెట్టే మన కచ్చీ గోష్ట్ బిర్యానీని మనసులో పెట్టుకుని తింటే నచ్చదు. దాన్ని వేరే వంట అనుకుని తిను.

బెజవాడ_బుల్లోడు
దుంప వేస్తే దుంపల పులావు అనాలి. బిర్యానీ అనే మాట వాడకూడదు.

కలకత్తా_కోడలు
బుల్లోడు గారూ, మా అత్తగారి ఊళ్ళో బిర్యానీలో దుంప రాకపోతే ప్లేటు వెనక్కి పంపిస్తారు. పెళ్ళైన కొత్తలో నేనూ మీలాగే అన్నాను. ఇప్పుడు ముందు దుంపే వెతుక్కుంటున్నా. మాంసం రసమంతా అదే పీల్చుకుంటుంది.

బెజవాడ_బుల్లోడు
మీరు మెట్టింటికి అమ్ముడుపోయారండీ.

షార్జా_శ్రీను
పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా కాబట్టి చెప్తున్నా తమ్ముడూ, నిహారీతో మొదలుపెట్టు. ఉర్దూలో నిహార్ ముంహ్ అంటే పరగడుపున అని అర్థం. రాత్రంతా సన్నమంట మీద ఉడికించి తెల్లారి తినే కూర. పుట్టింది పాత ఢిల్లీలో అంటారు. 1947లో అక్కణ్ణించి వెళ్ళినవాళ్ళతో కరాచీ చేరింది. ఇప్పుడు కరాచీ పేరు చెప్తే ముందు గుర్తొచ్చేది అదే.

జాగ్రత్త ఒక్కటే. ఉత్త 'నిహారీ' అని చెప్తే చాలా హోటళ్ళలో బీఫే వస్తుంది. మెనూలో బోంగ్ అని ఉంటే అది కాలి పిక్క మాంసం, అదీ సాధారణంగా బీఫే. 'మటన్ నిహారీ ఉందా' అని విడిగా అడుగు. లేదంటే చికెన్ నిహారీ దొరుకుతుంది కానీ దానిలో ఆ రుచి ఉండదు. నల్లీ అంటే మూలుగ ఎముక, మఘజ్ అంటే మెదడు.

పక్కన చిన్న ప్లేటులో సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మచెక్క ఇస్తారు. అలంకారానికి అనుకుని నేను మొదట్లో వదిలేసేవాణ్ణి. అవి లేకుండా నిహారీ సగమే. నిమ్మకాయ బాగా పిండి, అల్లం దండిగా వేసుకుని, ఖమీరీ రోటీ ముంచుకుని తిను. ఖమీరీ అంటే పులిసిన పిండితో చేసింది. అన్నంతో తినొద్దు.

పాతబస్తీ_పాషా
శ్రీనన్న చెప్పింది కరాచీ నిహారీ. మా దగ్గర నహారీ అంటాం. గోధుమపిండి వేసి చిక్కబరచడం మాకు లేదు, పల్చగా ఉంటుంది, అందులోనే పాయా (కాళ్ళ ముక్కలు), నాలుక ఉంటాయి. పొద్దున్నే పురానీ హవేలీ వైపు నాలుగు మూలల నాన్ తెచ్చుకుని తింటాం. హైదరాబాద్‌లో నహారీ తిన్నవాళ్ళు అక్కడిది తిని 'ఇదేంటి, జావలా ఉంది' అనుకోవద్దు.

దమ్మామ్_జగిత్యాల
తమ్మీ, నీకు ఉప్పు ముక్కలు పెట్టిన హోటల్ ఏదో గాని వాళ్ళని తిట్టకు. నువ్వు తిన్నది నమ్‌కీన్ గోష్ట్. పఠాన్ల వంట. అది అట్లనే ఉండాలె.

నేను పద్నాలుగేండ్లు సౌదీల దమ్మామ్‌లో ట్రైలర్ నడిపిన. క్యాంపుల మా రూముకు ఆనుకునే పెషావర్ వాళ్ళ రూము. శుక్రవారం వచ్చిందంటే గొర్రెమాంసం తెచ్చి పెద్ద గిన్నెల వేసి, దాని కొవ్వులనే దాన్ని వండేవాళ్ళు. ఉప్పు, అంతే. ఎక్కువల ఎక్కువ నాలుగు పచ్చిమిరపకాయలు. మొదటిసారి తిన్నప్పుడు నాకూ నచ్చలే. మసాలా డబ్బా పట్టుకుపోయి ఇస్తే వాళ్ళల్ల పెద్దాయన నా చెయ్యి పట్టి ఆపిండు. 'మాంసం మంచిది కానప్పుడు మసాలా వేస్తం, ఇది పొద్దున కోసిన గొర్రె' అన్నడు. మూడో శుక్రవారం నుంచి ఆ గిన్నె కోసం ఎదురుచూసుడే.

నువ్వు గుంటూరోడివి కాబట్టి మొదలే అది తింటే నచ్చదు. ముందు కడాహీ తిను. షిన్వారీ కడాహీ అని అడుగు, షిన్వారీ అంటే పఠాన్లల్ల ఒక తెగ. ఉల్లిగడ్డ పడదు. టమాటా, పచ్చిమిర్చి, ఉప్పు, ఆ మాంసం కొవ్వు. కొందరు మిరియాలు, అల్లం వేస్తరు. ఇనుప మూకుడులనే వండి, అదే మూకుడు తెచ్చి ముందట పెడ్తరు. కిలో లెక్కన అమ్ముతరు, ఇద్దరికైతే అరకిలో చెప్పు. అప్పటికప్పుడు వండుతరు కాబట్టి అరగంట పైనే పడుతది. పది నిమిషాల్ల తెస్తే అది ముందే వండి పెట్టిన కూరని గుర్తుపట్టు.

పెషావర్‌ల నమక్ మండీ అని ఒక బజారు ఉన్నదట, ఈ వంటలకు అదే కాశీ అని మా పక్క రూమోళ్ళు చెప్పేటోళ్ళు. నేను పోలే. పోయే దారి కూడా లేదు.

ఉప్పుకారం
రాజమండ్రిలో మా తాతయ్య కూడా ఇదే మాట అనేవాడు, మంచి చేపకి మసాలా దండగ అని.

గోదారిగట్టు
చేప మాట వచ్చింది కాబట్టి నేను ఆగలేను. సింధ్‌లో పల్లా అని ఒక చేప ఉంది. అది మన పులసే!

బెజవాడ_బుల్లోడు
ఎక్కడి సింధూ, ఎక్కడి గోదావరి. ఊరుకోండి గురువుగారూ.

గోదారిగట్టు
ఊరుకోను. ఒకటే జాతి, హిల్సా. బెంగాల్లో ఇలిష్, మన దగ్గర సముద్రంలో ఉన్నంతసేపు విలస, గోదాట్లోకి ఎదురీది వస్తే పులస, సింధు నదిలోకి ఎదురీదితే పల్లా. గుడ్లు పెట్టడానికి వరదనీటికి ఎదురెక్కుతుంది. ఎంత ఎదురీదితే అంత రుచి అని మనవాళ్ళు ఎలా చెప్పుకుంటారో సింధీలూ అలాగే చెప్పుకుంటారు. వాళ్ళ ఝూలేలాల్ దేవుడి పటం చూడండి, నది మీద ఆ చేపనెక్కి కూర్చుని ఉంటాడు. మనం పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నాం గానీ దేవుడికి వాహనం చేయలేదు. ఆ విషయంలో వాళ్ళే మనకన్నా ముందున్నారు.

కష్టం కూడా ఒకటే. మనకి ధవళేశ్వరం ఆనకట్ట అడ్డం పడ్డట్టే వాళ్ళకి 1955లో కోట్రీ బ్యారేజీ అడ్డం పడింది. అది దాటి పైకి పోలేక పల్లా బాగా తగ్గిపోయింది. ఇప్పుడు దొరికే కాస్త చేపకీ మన పులస లాగానే మంట పుట్టించే ధర.

వండేది మాత్రం మనలా పులుసు కాదు. పొట్ట చీల్చి ఉల్లిపాయ, కొత్తిమీర, పచ్చిమిర్చి ముద్ద కూరి కాలుస్తారు, లేదా మసాలా పట్టించి వేయిస్తారు. డాలస్ వెళ్ళినప్పుడు మా అబ్బాయి వాళ్ళ పక్కింటి సింధీ ఆవిడ ఫ్రోజెన్ హిల్సాతో చేసి పంపింది. నోట్లో పెట్టుకోగానే ముల్లు తీరు, నూనె తీరు, ఆ జిడ్డు రుచి... కళ్ళు మూసుకుంటే యానాం. మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా రెండో ముక్క వేసుకుంది. అంతకన్నా మెచ్చుకోలు నేను ఎరగను.

నెల్లూరు_చేపలపులుసు
చింతపండు లేకుండా పులసా? మామిడికాయైనా వెయ్యమనండి.

గోదారిగట్టు
మీ నెల్లూరోళ్ళకి ప్రతి చేపలో మామిడికాయ పడాల్సిందే. పులసలో బెండకాయలు వేస్తాం మేం.

డాలస్_దుర్గ
నిహారీ ఇంట్లో చేసుకోవచ్చు అని ఎవరూ చెప్పట్లేదు. నేను చేస్తాను. మొదటిసారి ప్యాకెట్ మసాలా మొత్తం కుమ్మరించి, పైన నా చేత్తో ఉప్పు కూడా వేశాను. పిల్లలు ఒక్క ముద్ద తిని నీళ్ళకి పరుగెత్తారు. ప్యాకెట్లో ఉప్పు ముందే ఉంటుంది, గుర్తుంచుకోండి.

ఇప్పుడు సొంతంగా పొడి కొట్టుకుంటున్నా. సోంపు ఎక్కువ, తర్వాత శొంఠి, పిప్పళ్ళు, జీలకర్ర, యాలకులు, లవంగం, జాజికాయ, జాపత్రి. పిప్పళ్ళు చూసి మా అమ్మ వీడియో కాల్లో 'బాలింతకి వండుతున్నావా' అంది. నిజంగానే శొంఠి, పిప్పళ్ళు రెండూ మన బాలింత మందులే కదా!

కిలో మటన్, కాలి ముక్కలు, మూలుగ ఎముకలు తప్పనిసరి. నెయ్యిలో వేయించి పొడి, అల్లం వెల్లుల్లి వేసి, నీళ్ళు ఎక్కువగా పోసి, మూత పెట్టి, అతి సన్న మంట మీద నాలుగు గంటలు పైనే. కుక్కర్లో పెడితే ముక్క ఉడుకుతుంది గానీ ఎముకలోని జిగురు పులుసులోకి అంత బాగా దిగదు.

అసలు పని ఇక్కడుంది. పైన ఎర్రగా తేలిన నెయ్యిని గరిటెతో తీసి గిన్నెలో పక్కన పెట్టాలి. దాన్ని తరీ అంటారు. అప్పుడు గోధుమపిండి దోరగా వేయించి, చల్లార్చి, చల్లటి నీళ్ళలో కలిపి, జల్లెడ పట్టి, కూర కలుపుతూ సన్న ధారగా పోయాలి. నెయ్యి తీయకుండా పిండి పోస్తే అంతా కలిసిపోయి పైన ఎర్రదనం రాదు. వేడినీళ్ళలో కలిపితే ఉండలు. ఇంకో ఇరవై నిమిషాలు ఉడికి పచ్చివాసన పోయాక, వడ్డించే ముందు ఆ తరీ మళ్ళీ పైన పోయాలి.

ఉప్పుకారం
దుర్గక్కా, ఆ జల్లెడ సంగతి ముందే చెప్పి ఉంటే నా పోయిన ఆదివారం బాగుపడేది.

శాకాహారి_శారద
మాలాంటివాళ్ళకి ఏమైనా ఉందా, లేక మేం ఈ చర్చ చదివి నీళ్ళు తాగి పడుకోవాలా? ఆఫీసు లంచ్‌కి అందరూ అక్కడికే లాక్కెళ్తారు. నేను ప్రతిసారీ నాన్, పెరుగు.

డాలస్_దుర్గ
బోలెడు ఉన్నాయి శారదా. దాల్ మాష్ అడుగు. పొట్టు తీసిన మినపపప్పు, పలుకు పలుకుగా ఉడికించి తాలింపు పెడతారు, అల్లం, పచ్చిమిర్చి పైన. మనం మినపపప్పుని ఇడ్లీకి, గారెలకి రుబ్బడమే ఎక్కువ, కూర చేయడం తక్కువ కదా, అందుకే కొత్తగా ఉంటుంది. కఢీ పకోడా అంటే మజ్జిగపులుసులో ఉల్లి పకోడీలు. చలికాలంలో సర్సోం కా సాగ్ (ఆవాకుల కూర), మొక్కజొన్న రొట్టె. అది పంజాబ్‌లో సరిహద్దుకి రెండు వైపులా ఒకటే.

సింధీ ఇంట్లో భోజనానికి పిలిస్తే మాత్రం ఎగిరి గంతేసి వెళ్ళు. సాయీ భాజీ అని పాలకూర, చుక్కకూర, సోయికూర, శనగపప్పు కలిపి మెదిపిన కూర పెడతారు. చుక్కకూర పప్పు తిన్న నోటికి పుట్టింటికి వచ్చినట్టు ఉంటుంది. సింధీ కఢీ ఇంకోటి. దానిలో పెరుగు ఉండదు. శనగపిండి వేయించి, చింతపండు పులుపుతో, మునక్కాడలు, బెండకాయలు వేసి కాస్తారు. మన ముక్కల పులుసుకి వరసకి చెల్లెలు.

షార్జా_శ్రీను
శారద గారూ, ఒక హెచ్చరిక. హల్వా పూరీతో ఇచ్చే శనగలు కొన్నిచోట్ల కోడి ఉడికించిన నీళ్ళలో వండుతారు. లాహోరీ చనే అని ఉంటే ముందే అడగండి.

శాకాహారి_శారద
అమ్మో. పోయిన నెల తిన్నాను.

షార్జా_శ్రీను
అన్నిచోట్లా కాదులెండి. ఇకనుంచి అడగండి చాలు.

కొత్తగా_చేరా
మన దేశం వంటలు ఇన్ని ఉండగా పాకిస్తాన్ వంటల గురించి ఇంత పెద్ద చర్చ అవసరమా?

దమ్మామ్_జగిత్యాల
నాకు 2009ల కాలు విరిగితే ఇరవై రోజులు అన్నం వండిపెట్టింది ఆ పెషావర్ రూమోళ్ళే. నేను వాళ్ళ గిన్నె గురించి మాట్లాడుతున్న. నీకు ఇష్టం లేకుంటే చదవకు తమ్మీ.

నిర్వాహకుడు
రాజకీయాలు వేరే విభాగంలో. ఇక్కడ వంటలే.

పాతబస్తీ_పాషా
మన దేశం వంట అంటే ఒకటి చెప్తా. కరాచీలో హైదరాబాద్ కాలనీ అని ఉంది. దక్కన్ నుంచి వెళ్ళినవాళ్ళు కట్టుకున్న పేట. ఆ ఊళ్ళో పచ్చళ్ళు కావాలంటే అందరూ అక్కడికే పోతారు. బఘారే బైంగన్, మిర్చీ కా సాలన్, ఖట్టీ దాల్, ఆప్రికాట్‌తో చేసే ఖుబానీ కా మీఠా అన్నీ దొరుకుతాయి. మా నాన్నగారి మేనత్త అక్కడే ఉండేది. నా చిన్నప్పుడు ఆమె రాసిన ఉత్తరాల్లో కబుర్ల కన్నా కరివేపాకు గురించే ఎక్కువ ఉండేది. పెరట్లో మొక్క బతకలేదు, మళ్ళీ నాటాను, ఈసారి చిగురు వేసింది, ఇలా. చింతపండు, కరివేపాకు లేని సాలన్ ఆమెకి సాలన్ కాదు.

గోదారిగట్టు
పాషా భాయ్, ఇంకో ఉత్తరం ఉంటే అది కూడా చెప్పండి.

పాతబస్తీ_పాషా
అమ్మీ దగ్గర ఉన్నాయి, అడుగుతా.

కలకత్తా_కోడలు
సింధ్‌లో కూడా హైదరాబాద్ ఉంది కదా? నాకు ఎప్పుడూ తికమకే.

పాతబస్తీ_పాషా
ఉంది. ఇంకో తమాషా వినండి. ఆ హైదరాబాద్‌లో పేరున్న కేకుల దుకాణం బాంబే బేకరీ. మన హైదరాబాద్‌లో పేరున్నది కరాచీ బేకరీ, 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర సింధ్ నుంచి వచ్చినవాళ్ళు పెట్టింది. ఊరు వదిలి మన దగ్గరికి వచ్చినవాళ్ళు ఆ పేరు మాత్రం వెంట తెచ్చుకున్నారు.

బెజవాడ_బుల్లోడు
హలీం సంగతి ఎవరూ ఎత్తలేదేం? అందులో మనమే గెలుస్తాం. 2010లో హైదరాబాదీ హలీంకి జీఐ ట్యాగ్ (ఆ ఊరి వంటేనని అధికారిక గుర్తింపు) కూడా వచ్చింది.

షార్జా_శ్రీను
గెలుపు ఓటముల మాట కాదు, రెండూ వేరు. మనది ఎక్కువగా గోధుమ, మాంసం, నెయ్యి, బాగా దంచి జిగురు తీసింది. కరాచీది గోధుమతో పాటు శనగపప్పు, మినప్పప్పు, పెసరపప్పు, ఎర్రకందిపప్పు కలుస్తాయి, మాంసం దారాలు దారాలుగా కనపడుతుంది, పైన చాట్ మసాలా చల్లుతారు. అదీ చాలాచోట్ల బీఫే, అడిగి తీసుకో.

పాతబస్తీ_పాషా
శ్రీనన్నా, అన్నీ ఒప్పుకుంటా, హలీం మీద చాట్ మసాలా మాత్రం ఒప్పుకోను.

దమ్మామ్_జగిత్యాల
ఇంకో రెండు మిగిలినయ్. సజ్జీ అంటే బలూచిస్తాన్‌ది, క్వెట్టా పేరు చెప్తరు. గొర్రెని ఉప్పు పట్టించి, కట్టెలకు గుచ్చి, నిప్పుల చుట్టూ నిలబెట్టి గంటలకొద్దీ కాలుస్తరు. మంట మీద కాదు, మంట పక్కన, సెగకు. కోడి సజ్జీ అయితే హోటళ్ళల్ల దొరుకుతది, కడుపుల అన్నం కూరి ఇస్తరు. బలూచీ డ్రైవర్ ఒకతను చలికాలానికి లాంధీ అని గొర్రెమాంసం ఉప్పు పెట్టి ఎండబెట్టి దాచుకుంటమని చెప్పిండు. 'మా అమ్మ ఎండు తునకలు ఇట్లనే తీగ మీద ఆరేస్తది' అన్న. నమ్మలే. ఫోటో చూపిస్తే నవ్విండు.

చప్లీ కబాబ్ పెషావర్‌ది. ధనియాలు పొడి చెయ్యరు, పలుకులుగా నలగ్గొడ్తరు, ఎండు దానిమ్మగింజలు వేస్తరు, అరచెయ్యంత వెడల్పుగ ఒత్తి టమాటా చక్రం పైన పెట్టి వేయిస్తరు. కానీ అసలుది బీఫే, వేయించే కొవ్వు కూడా. చికెన్ చప్లీ ఉన్నా అదే పెనం మీద వేయిస్తరేమో అడుగు తమ్మీ. నీ నియమం నీది.

హుంజా_ఫోటోలు
మంచు కొండల వంటలు కూడా చేర్చండి. ఉత్తరాన గిల్గిత్, హుంజా వైపు కారం దాదాపు ఉండదు. చాప్‌షురో అని రెండు రొట్టెల మధ్య మాంసం, ఉల్లి పెట్టి కాలుస్తారు. మంతు అంటే ఆవిరి మీద ఉడికించిన మాంసం కుడుములు. ఆప్రికాట్ గింజల నూనె వాడతారు. లండన్‌లో నాతో చదివిన హుంజా అమ్మాయి చిన్న సీసాలో తెచ్చుకునేది, రొట్టె మీద నాలుగు చుక్కలు. బాదం వాసన. పాషా గారి ఖుబానీ కా మీఠాలో పండు ఇదే, వాళ్ళు గింజని కూడా వదలరు.

గొడ్డుకారం_గుంటూరు
పది రోజులుగా ఇదంతా చదువుతూనే ఉన్నా, నిన్న పొద్దున పని పూర్తిచేశా. ఆరున్నరకి వెళ్ళాను. శ్రీనన్న చెప్పినట్టు మటన్ నిహారీ అని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నా. నిలువెత్తు డేగిసా పక్కన పెద్దాయన కూర్చుని ఉన్నాడు. గరిటె అడుగుదాకా ముంచి ముక్క తీశాడు, తర్వాత చిన్న గరిటెతో పక్క గిన్నెలోంచి ఎర్ర నెయ్యి పోశాడు. దుర్గక్క చెప్పిన తరీ! అది చూడగానే తెలిసిన మనిషి కనపడ్డట్టయింది.

మొదటి ముద్ద నిమ్మకాయ లేకుండా తిన్నా. బాగానే ఉంది, అంతే. నిమ్మచెక్క మొత్తం పిండి, అల్లం వేసి రెండో ముద్ద తింటే సోంపు, శొంఠి ఒక్కసారి పైకి లేచాయి. మన కారంలా నాలుక మీద మండదు, గొంతులోకి దిగాక వెచ్చగా ఉంటుంది. ముక్క వేలితో నొక్కితే విడిపోయింది. ఎముకని ప్లేటు మీద తడితే మూలుగ జారి పడింది, దాన్ని రోటీ మీద రాసుకున్నా. పెద్దాయన చూసి ఇంకో గరిటె పులుసు పోశాడు, డబ్బులు తీసుకోలేదు.

నేను తిట్టిన ఆ ఉప్పు మాంసం కూడా మళ్ళీ తింటా, కానీ కడాహీ తర్వాతే. రాజన్నకి, అదే దమ్మామ్ అన్నకి మాటిస్తున్నా.

దమ్మామ్_జగిత్యాల
నా పేరు రాజన్న కాదు తమ్మీ. కానీ పిలువు, బాగుంది.

నెల్లూరు_చేపలపులుసు
నిహారీ తిన్నాక గులాబీ రంగు చాయ్ తాగావా? కశ్మీరీ చాయ్ అని ఉంటుంది. గ్రీన్ టీ ఆకులో సోడా వేసి కాచి, బాగా ఎత్తి పోసి, పాలు కలిపితే ఆ రంగు వస్తుంది.

గొడ్డుకారం_గుంటూరు
లేదు, మామూలు చాయ్ తాగా. శుక్రవారం రాత్రి షిన్వారీ కడాహీకి వెళ్తున్నాం, అరకిలో ఇద్దరికే అన్నారు కాబట్టి ఇంకొకళ్ళు వస్తే కిలో చెప్పొచ్చు. శ్రీనన్నా, వస్తావా?

షార్జా_శ్రీను
ఎనిమిదికి వస్తా. ముందే ఫోన్ చేసి కడాహీ పెట్టించు, అరగంట కూర్చోవడం నా వల్ల కాదు.